ఇరవై ఏళ్లు నిద్రపోయిన పది రాగాలు

1982లో బొంబాయి సినిమా వాద్యకారుడొకరు పది హిందుస్థానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు విడుదల చేశారు. కొన్నవాళ్లు తక్కువ, గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఇరవై ఏళ్లు గడిచాక అది ఓ విదేశీ సంగీతాభిమాని సంచిలోకి చేరింది. అక్కణ్నుంచి కథ మారిపోయింది.

పాత రికార్డులు ఏరుకునేవాళ్లకు ఓ అలవాటుంటుంది. కొత్త ఊళ్లో దిగగానే గుడీ గోపురం, కోటా పేటా అడగరు. పాత సామాన్ల బజారు ఎక్కడుందని అడుగుతారు. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, దుమ్ముకు తుమ్ముతూ, ఒక్కో అట్టా తిరగేస్తూ పూటలు పూటలు గడిపేస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎడో బౌమన్ ఆ కోవకు చెందినవాడే. ఆయనకు హిందీ సినిమా సంగీతమంటే పిచ్చి.

2002లో ఢిల్లీ వచ్చినప్పుడు ఓ పాత రికార్డుల దుకాణంలో ఆయనకో ఎల్పీ దొరికింది. పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. వాయించింది చరణ్‌జిత్ సింగ్. మీద హెచ్‌ఎమ్‌వీ కుక్క బొమ్మ. పేరు తమాషాగా ఉంది కదా అని కొన్నాడు. హోటల్ గదికి వెళ్లి, వెంట తెచ్చుకున్న చిన్న ప్లేయర్ మీద పెట్టి ముల్లు ఆనించాడు. అంతే... దిమ్మ తిరిగిపోయింది!

ఎందుకంటే ఆయనకు ఆ మోత బాగా తెలుసు. ‘యాసిడ్ హౌస్’ అని ఓ రకం నృత్య సంగీతం ఉంది. గొంతు నొక్కిపెట్టి వదిలినట్టు మెలికలు తిరిగే బేస్ స్వరం, దాని కింద ఆగకుండా కొట్టే యంత్రపు దరువు... 1980ల చివర్లో ఇంగ్లండు, యూరప్ కుర్రకారును తెల్లవార్లూ గంతులేయించింది అదే. ఆ సంగీతానికి మొదటి రికార్డుగా చాలామంది చెప్పుకొనేది అమెరికాలోని షికాగో నుంచి 1987లో వచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’. మరి ఢిల్లీలో దొరికిన ఈ రికార్డు ఏనాటిది? 1982! అంటే ఐదేళ్లు ముందు. అదీ భైరవి, తోడి, మాల్కౌన్స్ రాగాల్లో.

పేరు తెరమీదికి రాని మనిషి

చరణ్‌జిత్ సింగ్ 1940లో పుట్టారు. హిందీ సినిమా పాటలు వినే ప్రతివాళ్లూ ఆయన వాయిద్యం వినే ఉంటారు. కాకపోతే విన్నట్టు తెలియదు. ఆ రోజుల్లో ఒక పాట రికార్డింగంటే పదుల మంది వాద్యకారులు ఒకే హాల్లో కూర్చుని కలిసి వాయించేవారు. పాట హిట్టయితే పేరు గాయకుడికి, సంగీత దర్శకుడికి, తెరమీద పెదవులు కదిపిన హీరోకి. గిటారు మీటినవాడి పేరు రికార్డు అట్ట మీద కూడా ఉండేది కాదు. చరణ్‌జిత్ ఆ మూడో వరసలో కూర్చున్న మనిషి. ఆర్.డి.బర్మన్, శంకర్-జైకిషన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ వంటి వారందరికీ వాయించారు. గిటారు, బేస్ గిటారు, కీబోర్డు... చేతికి ఏదిస్తే అది. ‘హరే రామ హరే కృష్ణ’ (1971)లో జీనత్ అమన్ హిప్పీల మధ్య ఊగుతూ కనిపించే ఆ పాట ఉంది చూడండి, దాని ఆర్కెస్ట్రాలోనూ ఆయనున్నారు.

మిగతా సమయంలో సొంత బృందంతో పెళ్లిళ్లకు, విందులకు వాయించేవారు. సినిమా పాటల బాణీలను మాటల్లేకుండా వాద్యాల మీద పలికించిన రికార్డులూ చేశారు. అలాంటివి మనకూ పరిచయమే. సినిమా హాల్లో ఆట మొదలవక ముందు, పెళ్లి పందిట్లో భోజనాల వేళ మైకులోంచి వినిపించేవి అవే. శ్రద్ధగా వినేవాళ్లు లేరు, వద్దనేవాళ్లూ లేరు.

ఇంతకీ కొత్త పరికరం ఏదొచ్చినా ముందు తన దగ్గరుండాలన్నది ఆయన సరదా. ఆ సరదాయే ఈ రికార్డుకు మూలం.

సింగపూర్ నుంచి వచ్చిన పెట్టెలు

జపాన్ కంపెనీ రోలాండ్ అప్పట్లో వరసగా మూడు పరికరాలు తెచ్చింది. 1980లో వచ్చిన టీఆర్-808 డ్రమ్ముల పెట్టె. ఏ బీట్ కావాలో మీటలు నొక్కి చెబితే అదే వాయించుకుంటూ పోతుంది. 1981లో వచ్చిన జూపిటర్-8 పెద్ద సింథసైజరు. మూడోది టీబీ-303. చిన్న పుస్తకమంత ఉంటుంది. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకు పక్కన బేస్ వాయించే తోడు లేకపోతే ఆ లోటు తీర్చడానికి తయారుచేశారు దాన్ని.

అది ఆ పని సరిగ్గా చేయలేకపోయింది. నిజం బేస్ గిటారులా వినిపించనే లేదు. పైగా దానికి పాట నేర్పడం పెద్ద ప్రయాస. స్వరాలన్నీ ఒకసారి ఎక్కించాలి, ఆ స్వరాల కాలాన్ని మరోసారి విడిగా ఎక్కించాలి. కొన్నవాళ్లు తిట్టుకుంటూ మూలన పడేశారు. సుమారు పదివేలు తయారుచేసి, 1984లో కంపెనీ దాన్ని ఆపేసింది.

చరణ్‌జిత్ సింగపూర్ వెళ్లినప్పుడు ఈ కొత్త పరికరాలు కొనుక్కొచ్చారు. ఇంట్లో పెట్టుకుని వాటి లోతుపాతులు తెలుసుకునే పనిలో పడ్డారు. అప్పుడు దేశమంతా డిస్కో జ్వరం. ‘కుర్బానీ’ (1980)లో నాజియా హసన్ పాట ఊపేసింది. 1982లో ‘డిస్కో డాన్సర్’ వచ్చి మిథున్ చక్రవర్తినీ, బప్పీ లహరినీ ఇంటింటికీ తెచ్చింది. రెండేళ్లలో ఆ కథే తెలుగులో బాలకృష్ణ ‘డిస్కో కింగ్’ అయింది. సినిమాల్లో ఎలాగూ డిస్కో మోగిపోతోంది... ఆ దరువు మీదే మన రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన చరణ్‌జిత్‌కు వచ్చింది. తబలా పక్కన పెట్టేశారు. దరువు 808కి అప్పగించారు. కింద ఆగకుండా తిరిగే బేస్ 303కి. రాగాన్ని తన రెండు చేతులతో జూపిటర్ మీద తీసుకున్నారు. మూడింటినీ ఒకే కాలంలో నడిచేలా కలిపి ఇంట్లో సాధన చేశారు. బాగానే ఉందే, రికార్డు చేద్దాం అనుకున్నారు.

అంతకు మించి పెద్ద కథేమీ లేదు. విప్లవం తేవాలని ఆయన అనుకోలేదు. ఈ రికార్డు మీద వచ్చిన రాతల్లో చాలావరకు ఆ సంగతి మరిచిపోయి ఆయన్ని ఓ జోస్యుడిలా చిత్రించాయి. ఆయన ఓ పనిమంతుడు. కొత్త పనిముట్టు దొరికింది, దాంతో తనకొచ్చిన విద్య చేసి చూశారు.

మన మోహనే... మన హిందోళమే

ఆ పది రాగాలూ వరసగా ఇవి: భైరవి, లలిత్, భూపాలి, తోడి, మధువంతి, మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్కౌన్స్, బైరాగి. హిందుస్థానీ పేర్లు చూసి కంగారు పడనక్కర్లేదు. ఇందులో సగానికి పైగా మనింటివే. భూపాలి అంటే మన మోహన. ‘మాయాబజార్’లో వెన్నెల్లో పడవ మీద సాగే పాట ఉందే, ఆ రాగం. మాల్కౌన్స్ మన హిందోళం. యమన్ దాదాపు మన కల్యాణి. కళావతి మన వలజి, బైరాగి మన రేవతి. పేరు చూసి పొరబడే రాగం తోడి. హిందుస్థానీ తోడి మన తోడి కాదు, శుభపంతువరాళికి చుట్టం. మన తోడి స్వరాలు కావాలంటే వాళ్ల భైరవిలో వెతుక్కోవాలి.

సంగీతం తెలిసినవాళ్లకు ఇక్కడో సందేహం రావాలి. కీబోర్డు మీద రాగమేమిటి? మన సంగీతానికి ప్రాణం గమకం. మెట్టు మెట్టుగా పలికే వాద్యానికి అది రాదనే కదా ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు! నిజమే. అయితే ఈ పెట్టెలు హార్మోనియంలా కాదు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే వీలు జూపిటర్‌లో ఉంది. పనికిరాదని అందరూ వదిలేసిన 303లోనూ ఉంది. దాని మీద ‘స్లైడ్’ అని ఓ మీట ఉంటుంది. ఏ స్వరం దగ్గర నొక్కితే ఆ స్వరం తర్వాతి దానిలోకి సాగిపోతుంది. మన వైణికులు దాన్నే ‘జారు’ అంటారు. పదకొండు పన్నెండేళ్ల పిల్లలు వీణ క్లాసులో నేర్చుకునే మాట అది!

ఈ రికార్డులో మెలికలు తిరిగే ఆ బేస్ వింతగా ఉండి కూడా పరాయిగా అనిపించకపోవడానికి కారణం బహుశా అదే. రాగానికి ఆధార శ్రుతి కావాలి, డిస్కోకు ఆగని బేస్ కావాలి. తంబురా చేసే పనిని 303 చేసింది. ఒక మాట కూడా చెప్పాలి. పది రాగాలూ ఒకే ఎత్తున లేవు. కళావతి, భైరవి పరుగులు తీస్తాయి. మేఘ్ మల్హార్‌లో మాత్రం వాన కన్నా యంత్రం చప్పుడే ఎక్కువ. రాత్రి వినాల్సిన మాల్కౌన్స్, తెల్లవారుజామున వినాల్సిన లలిత్ ఒకే దరువు మీద, దాదాపు ఒకే వేగంతో పోతుంటే శాస్త్రీయ సంగీతం మీద పట్టున్నవాళ్లు నొసలు చిట్లిస్తే తప్పు పట్టలేం. ఆలాపన లేదు, విస్తారం లేదు. రాగం ముఖం చూపించి తప్పుకుంటుంది.

ఎవరికీ అక్కర్లేదు

రికార్డు వచ్చినప్పుడు రేడియోలో కొద్దిగా వినిపించారు. అక్కడితో సరి. అమ్మకాలు లేవు. ఎందుకు లేవో ఊహించడం కష్టమేమీ కాదు. కచేరీలకు వెళ్లేవాళ్లకు ‘డిస్కో’ అన్న మాటే కంపరం. డిస్కోకు ఊగేవాళ్లకు ‘రాగ’ అన్న మాట నిద్ర. పాట లేదు, సినిమా పేరు లేదు, హీరో బొమ్మ లేదు. పైగా అది క్యాసెట్లు వీధుల్లోకి వస్తున్న కాలం. కొద్ది ఏళ్లలోనే చవక క్యాసెట్ల వరదలో ఎల్పీలు కొట్టుకుపోయాయి. ఇళ్లలో రికార్డు ప్లేయర్లు పాడైతే బాగుచేయించేవాళ్లు లేకపోయారు. ఘంటసాల భగవద్గీత, ‘శంకరాభరణం’ లాంటివే అటక మీదికి చేరాయి. ఎవరూ అడగని ఈ రికార్డు గతి చెప్పాలా!

చరణ్‌జిత్ కూడా దాన్ని పెద్దగా తలచుకోలేదు. మళ్లీ అలాంటిది చేయలేదు. వృత్తి సాగిపోయింది.

షికాగోలో అదే పెట్టె

ఇక్కడ ఇలా ఉండగా అమెరికాలో టీబీ-303లు పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. చవగ్గా వస్తున్నాయి కాబట్టి చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు కొన్నారు. షికాగోలో ‘ఫ్యూచర్’ అని ముగ్గురు కుర్రాళ్ల బృందం అలాగే ఒకటి సంపాదించింది. వాడటం సరిగ్గా తెలియక మీటలు అటూ ఇటూ తిప్పుతుంటే అది వింతగా అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపునే టేపు మీద పట్టి, రాన్ హార్డీ అనే డీజేకి ఇచ్చారు. ఆయన క్లబ్బులో మొదటిసారి వేస్తే జనం నేల ఖాళీ చేసి వెళ్లిపోయారట. ఆ రాత్రే మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనం వెర్రెత్తిపోయారు. యాసిడ్ హౌస్ పుట్టుక గురించి ఎక్కువగా చెప్పుకొనే కథ ఇది.

అయితే యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది మన చరణ్‌జితేనా? 2010 తర్వాత పత్రికలు ఈ ప్రశ్నను బాగానే వాయించాయి. అవును అనేస్తే వినడానికి బాగుంటుంది, కాలరెగరేయొచ్చు. కానీ అది నిజం కాదు. షికాగో కుర్రాళ్లు ఈ రికార్డు వినే అవకాశమే లేదు. ఇదెక్కడో బొంబాయి గోడౌన్లలో మగ్గుతోంది. ఒకే యంత్రం ఇద్దరి చేతుల్లో పడింది. ఇద్దరూ కంపెనీ చెప్పిన పని కాకుండా వేరే పని చేయించారు. ఒకరికి దాంతో ఓ ఉద్యమం మొదలైంది, ఒకరికి లేదు. తేడా ఎక్కడుందంటే, రాన్ హార్డీ లాంటి మొండివాడు ఒకడు చరణ్‌జిత్‌కు దొరకలేదు. రేడియో కాస్త వినిపించి ఊరుకుంది. నాలుగోసారి వేసేవాడు ఢిల్లీలో ముల్లు ఆనించేసరికి ఇరవై ఏళ్లు పట్టింది.

డెబ్భై దాటాక వేదిక

బౌమన్ ఊరుకోలేదు. వాయించినాయన ఎక్కడున్నాడో ఆరా తీసి ముంబయిలో పట్టుకున్నాడు. ఆ సంగీతం మీకెలా తట్టిందని ఆయన ఉత్సాహంగా అడిగితే, ఇందులో అంత విశేషమేముందో చరణ్‌జిత్‌కు అర్థం కాలేదు. ఎప్పుడో చేసిన పని. అసలు ఈ రికార్డు సంగతి ఈయనకెలా తెలుసన్నదే ఆయన ఆశ్చర్యం.

2010లో బౌమన్ తన ‘బాంబే కనెక్షన్’ సంస్థ ద్వారా దాన్ని మళ్లీ విడుదల చేశాడు. వెంటనే మరో తమాషా జరిగింది. చాలామంది నమ్మలేదు! 1982లో ఇండియాలో ఇలాంటి సంగీతమా, ఎవడో గడుసు యూరోపియన్ కుర్రాడు ఇప్పుడే వాయించి, పాత అట్ట తగిలించి మోసం చేస్తున్నాడని పుకార్లు లేచాయి. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో ఎలాంటి చేతులున్నాయో తెలియకపోవడం వల్ల వచ్చిన అనుమానం అది. చివరికి మనిషి ఉన్నాడు, పెట్టెలున్నాయి, వాయించి చూపించగలడు అని తేలాక నోళ్లు మూతపడ్డాయి.

వాయించి చూపించారు కూడా. 2012లో, డెబ్భై దాటిన వయసులో, చరణ్‌జిత్ యూరప్‌లో కచేరీలు చేశారు. అదే జూపిటర్, అదే 303, అదే 808. ఎదురుగా ఆ రికార్డు వచ్చిన నాటికి పుట్టని కుర్రాళ్లు. జీవితమంతా ఇంకొకరి పాటలో మూడో వరసలో కూర్చున్న మనిషికి తన పేరు చూసి టిక్కెట్టు కొన్న జనం ఎదురయ్యారు. మూడేళ్లకే, 2015 జూలైలో ఆయన ముంబయిలో కన్నుమూశారు. ఇంకో పదేళ్ల ముందు ఎవరైనా ఆ అట్ట తిరగేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇంట్లోనే దొరికిన ‘శనివారం’

ఇలాంటిదే మరో కథ. దీనికి ఢిల్లీ దాకా వెళ్లాల్సిన పని కూడా లేకపోయింది. బెంగాలీ గాయని రూపా బిశ్వాస్ 1981లో కెనడాలోని కాల్గరీ వెళ్లినప్పుడు అక్కడ ఓ రికార్డు పాడారు. సరోద్ వాయించింది అలీ అక్బర్ ఖాన్ కుమారుడు ఆశిష్ ఖాన్. పేరు ‘డిస్కో జాజ్’. 1982లో మన దేశంలో మెగాఫోన్ సంస్థ విడుదల చేసింది. యోగాయోగం చూడండి, మళ్లీ అదే ఏడాది, మళ్లీ డిస్కో, మళ్లీ అదే ఫలితం. రికార్డు పోయింది, రూపా సంసారంలో పడిపోయారు.

చాలా ఏళ్ల తర్వాత ఆమె కుమారుడికి ఇంట్లో పాత సామాన్ల మధ్య ఆ ఎల్పీ కనిపించింది. ఇదేమిటని ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది... అమ్మ మరిచిపోయిన ఆ రికార్డు కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వెతుకుతున్నారనీ, పెద్ద మొత్తాలకు చేతులు మారుతోందనీ. అందులో ‘ఆజ్ శనిబార్’ అనే పాటను యూట్యూబ్‌లో లక్షల మంది విన్నారు. ఈ రోజు శనివారం అని దానర్థం. 2019లో అమెరికాకు చెందిన న్యూమెరో గ్రూప్ రికార్డును తిరిగి తెచ్చింది.

అటక మీద రికార్డులున్న ఇళ్లు మన దగ్గర ఇంకా తక్కువేం కాదు. తాతగారు పోయాక వాటిని ఏం చేయాలో తెలియక పాత పేపర్లవాడికి తూకానికి వేసేస్తుంటారు. వేసేముందు ఓసారి అట్టలు చూడటానికి అరగంట చాలు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటే కింది వాటి మీద బరువు పడి వంగిపోతాయి. పుస్తకాల్లా నిలబెట్టాలి. బూజు పట్టిన ఎల్పీని మెత్తటి తడిగుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవొచ్చు. బాగా పాత 78లను మాత్రం స్పిరిటుతో తుడవకూడదు. అవి లక్కతో చేసినవి, స్పిరిటు తగిలితే పైపూత కరిగిపోతుంది.

చరణ్‌జిత్ రికార్డు వినడానికి ఇప్పుడు ప్లేయరూ అక్కర్లేదు, ఢిల్లీ బజారూ అక్కర్లేదు, ఫోనులోనే దొరుకుతుంది. మొదటిది భైరవి కదా అని దాంతో మొదలుపెట్టొద్దు. మూడోది, భూపాలి పెట్టండి. ఇంట్లో సంగీతం తెలిసిన అత్తయ్యో, బాబాయో ఉంటే పేరు చెప్పకుండా వినిపించండి. ఆ దరువుకు మొదట చెవులు మూసుకుంటారు. కాసేపటికి చేతులు తీసి, ‘ఉండుండు, ఇది మోహన కదూ’ అంటారు. ఆ వెంటనే లలిత్ పెట్టారంటే, పక్కపక్కనే రెండు మధ్యమాలున్న ఈ రాగమేమిటన్న చర్చ మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది.